బియ్యం డబ్బాలో గులాబీ కార్డు

పోయిన వారం మనం షహజాదిని ఆమె వంటింట్లోనే వదిలి వచ్చాం. మొగుడి గులాబీ రంగు ఐసీని, అంటే గుర్తింపు కార్డుని, బియ్యం డబ్బాలో మోచేతి లోతున దూర్చేసింది. మూత బిగించింది. మూత మీద ఉల్లిపాయల బుట్ట కూడా పెట్టింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు చాయ్ పెట్టుకుంది గాని, దొంగపని అలవాటు లేని మనిషి కదా, పాలు పొంగి స్టవ్వంతా పారినా చూసుకోలేదు.

కార్డు ఎందుకు దాచిందో ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఫసియుద్దీన్ హైదరాబాదు యాకుత్‌పురా నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద సింగపూర్ వచ్చినవాడు. కంప్యూటర్ తెలిసిన ప్రతివాడికీ పిలిచి పీట వేస్తున్న రోజులు. నిరుడు ఈ దేశపు పౌరుడయ్యాడు, గులాబీ కార్డు వచ్చింది. షహజాదిది ఇంకా, పౌరులు కాని కాపురస్తులకిచ్చే నీలం కార్డే. ఆమె దరఖాస్తు ఏ బల్ల మీద ఉందో అల్లాకే తెలియాలి. ఇంతలో ఎన్నికలొచ్చాయి.

ఈ దేశంలో ఓటు వేయడం హక్కే కాదు, చట్టం ప్రకారం తప్పనిసరి కూడా. కాని ఓటు వేయాలంటే ముందు పోటీ ఉండాలి కదా. పాలకపక్షానికి ఎదురు నిలబడదలచినవాళ్ళ కాగితం మీద ఆ నియోజకవర్గం ఓటర్లు కొందరు సంతకాలు పెట్టాలి. పెట్టినవాళ్ళు నామినేషన్ రోజున అభ్యర్థితో పాటు స్వయంగా వచ్చి నిలబడాలి. పన్నెండు దాటితే తలుపులు మూస్తారు. ఒక్క మనిషి తగ్గినా కాగితం చెల్లదు. పోటీ లేదు, పోలింగ్ లేదు, ఏకగ్రీవం. ఇన్ని బ్లాకుల జనమూ ఓటు జేబులో పెట్టుకుని ఇంట్లో కూర్చోవలసిందే. నిన్న సాయంత్రం ఫసియుద్దీన్ అలాంటి సంతకం ఒకటి పెట్టి వచ్చాడు. అన్నం తింటూ, చేపలో ముల్లు తీస్తూ, ఆ సంగతి పెళ్ళానికి చెప్పాడు. ఇవాళే నామినేషన్.

"షహజాదీ, నా ఐసీ చూసినవా? పర్సుల లేదు," అని పడకగదిలోంచి కేకేశాడు.

"నాకేం ఎరుక జీ. నిన్నటి ప్యాంటుల చూడుండ్రి."

"చూసిన. అండ్ల గూడ లేదు."

కూతురు సహర్ సోఫాలో కాళ్ళు మడుచుకుని హోంవర్క్ చేసుకుంటోంది. దానికి మధ్యాహ్నం బడి. తల ఎత్తకుండానే, "డాడీ ఆల్వేస్ లైక్ దట్ వన్ లా," అంది.

ఫసియుద్దీన్ సోఫా కుషన్లు ఎత్తి చూశాడు, చెప్పుల స్టాండు కింద చూశాడు, చివరికి ఫ్రిజ్ మీద కూడా చూశాడు. వంటింట్లోకి వచ్చినప్పుడు షహజాది పొంగిన పాలు తుడుస్తున్నట్టు స్టవ్వు మీదకి వంగింది. అతను బియ్యం డబ్బా వైపు చూడనే లేదు. ఏ మొగుడు చూస్తాడు గనక! నిన్న సాయంత్రం కింద కొట్లో ఫోన్ కార్డు కొన్నాననీ, అక్కడ మరిచిపోయి ఉంటాననీ గొణుక్కుంటూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

లిఫ్ట్ తలుపులు మూసుకున్న చప్పుడు విన్నాక ఆమె గోడకి ఆనుకుంది. పెళ్ళైన నాటి నుంచి అతను ఏ పెద్ద పని మీద బయల్దేరినా కుడి జబ్బకి నాణెం చుట్టిన బట్ట కట్టి, ఇమామ్ జామిన్ అని దువా చదివి పంపిన మనిషి. ఇవాళ ఆ బట్ట అల్మారా దాటలేదు. పంపాలనే లేనప్పుడు ఎందుకు కడుతుంది?

ఆమెకి భయంగా ఉంది. దేనికి భయం అని అడిగితే ఒక్కదానికి అని చెప్పలేదు. ఫసి కంపెనీకి ఉన్న పనంతా ప్రభుత్వ శాఖలదే. ఆమె దరఖాస్తు పెండింగులో ఉంది. జురాంగ్ వెస్ట్‌లో ఉండే సుధాకరరావు ఏదో మీటింగుకి వెళ్ళాడట, తర్వాత ఆయన కాంట్రాక్టు ఆగిపోయిందట. ఆయన కాంట్రాక్టు ఆ మీటింగుకి ముందే ముగిసిందని ఫసి వందసార్లు చెప్పాడు. షహజాది వందసార్లూ విన్నది, ఒక్కసారీ నమ్మలేదు. భయానికి సాక్ష్యం అక్కర్లేదు కదా.

ఒక్కర్తీ ఉండలేక కారిడార్ దాటి ఎదురింటికి వెళ్ళింది.

ఎదురిల్లు కుమారమ్మది. ఆమె తాత తెల్లవాళ్ళ కాలంలో విశాఖ తీరం నుంచి ఇక్కడి నౌకాదళం రేవులో పనికి వచ్చినవాడు. భర్త రామదాసు అదే రేవులో వెల్డింగు చేసి చేసి రిటైరయ్యాడు. కుమారమ్మ పుట్టింది ఇక్కడే. ఆమె తెలుగులో విశాఖ ఇసుక, అరవం, మలయ్ అన్నీ కలిసి ఉంటాయి. ఈ ఫ్లాట్‌కి మారి నాలుగు నెలలే అయినా షహజాదికి ఆమె తల్లి తర్వాత తల్లి. రోజూ పొద్దున కారిడార్‌లోనే కనిపించి, "టీ తాగీసావేటే?" అని పలకరించే మనిషి ఇవాళ తలుపు సగమే తీసింది. లోపలికి రమ్మనలేదు.

"ఆంటీ, ఫసి సంతకం పెట్టిండు," అంది షహజాది. మాటతోపాటే ఏడుపూ వచ్చేసింది. "నేను ఆయన కార్డు దాచిపెట్టిన. తప్పు జేసిన్నా ఆంటీ? మీరే జెప్పుండ్రి."

కుమారమ్మ ఓదార్చడానికి చెయ్యి చాచిందేగాని ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"దాసీసావా?" అంది చిన్నగా. "మంచి పని సేసావు. ఉండనీ, తియ్యకు."

ఆ ఉండనీ అన్న తీరులో ఏదో తేడా వినిపించింది షహజాదికి. "ఆంటీ, మీకు ముందే ఎరుకనా?"

కుమారమ్మ తలుపు మూయబోయింది.

"ఆంటీ!"

"నానేటి సేత్తానే తల్లీ," అంటూ కుమారమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. "ఆ సంతకం మీ ఆయన పెట్టాల్సింది కాదు. మా ఇంటాయన పెట్టాల్సింది. పది రోజుల కిందటే ఆళ్ళకి మాటిచ్చీసాడు. ప్రేమ్‌కేమో సర్కారు ఉద్యోగం వొచ్చి మూడు నెల్లు కానేదు. ఆ గుంటడు ఫోను సేసి ఏడిసాడు, అమ్మా, నాన్నని ఆపు అని. నిన్న సాయంత్రం నాను మీ అంకులు కాళ్ళట్టుకున్నాను. ఒగ్గనేదు. సంతకం ఎట్టనని ఒట్టేసినాకే ఒగ్గాను."

"గది మీ ఇంటి ముచ్చట. మధ్యల ఫసి ఎందుకొచ్చిండు?"

"అప్పుడే మీ ఆయన మా ఇంట్లో కూకుని టీ తాగుతున్నాడు. అంతా సూసాడు. అంకుల్, మీరు బాధపడకండి, మీ బదులు నాను పెడతానన్నాడు. నా ముందే అన్నాడు."

"మీరేమన్నరు?"

కుమారమ్మ గడప మీద గోరుతో గీస్తూ కూర్చుంది.

"మీరేమన్నరు ఆంటీ?"

"ఏటీ అన్నేదు," అంది కుమారమ్మ. "నోరు మూసుకుని కూకున్నాను. నా పసుపుకుంకాలు నిలబడితే సాలనుకున్నాను. అదే నా పాపం."

షహజాది కన్నీళ్ళు అక్కడికక్కడే ఆగిపోయాయి. ఇంతసేపూ ఎవరి ఒళ్ళో తల పెట్టి ఏడుద్దామని వచ్చిందో ఆ మనిషే తన మొగుణ్ణి ముందుకి తోసింది. తోయలేదులే, తోస్తుంటే చూస్తూ ఊరుకుంది. రెండూ ఒకటే అనిపించింది ఆ క్షణాన.

"మీ మొగుడు మొగుడు, నా మొగుడు ఎవ్వడూ కాదా?" అని గట్టిగా అరిచింది. "మీ ప్రేమ్‌కి నౌకరీ ఉంటే మా ఇంట్ల పొయ్యి నౌకరీ లేకుండనే మండుతదా? మీకు పుట్టుకతోనే గులాబీ కార్డు. మిమ్ముల ఎవ్వరు పొమ్మంటరు? నాది నీలం కార్డు ఆంటీ! నన్ను ఒక్క మాటతోని పంపిస్తరు. సహర్‌ని ఏం జెయ్యాలె నేను? నిన్న రాత్రి కూడ నాకు రసం పంపిండ్రు గద, గది ఎట్ల పంపబుద్ధయింది మీకు?"

"అలమాక్, మెల్లగా, మెల్లగా మాటాడే. పక్కోళ్ళు ఇంతారు."

"విననియ్యి!"

అన్నదే గాని ఆమె కూడా కారిడార్ అటూ ఇటూ చూసింది. ఎక్కడో ఒక కిటికీ అద్దం జరిగింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్కసారే గొంతులు తగ్గించేశారు. ఇప్పుడే ఒకరి జుట్టు ఒకరు పట్టుకునేంత కోపంలో ఉన్నవాళ్ళు, ఆ కిటికీ దెబ్బకి ఒకరి వెనక ఒకరు దాక్కున్నట్టు దగ్గరగా జరిగారు.

లోపలి గది తలుపు తీసుకుని రామదాసు వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీది వేసుకున్నాడు, కాళ్ళకి బూట్లు ఉన్నాయి. ఇంట్లో బూట్లేసుకుని తిరిగే మనిషి కాదు. సంతకం పెట్టనని ఒట్టేశాక ఎటూ వెళ్ళే పని లేకపోయినా, నామినేషన్లు తీసుకునే బడి గేటు బయట నిలబడి చూడాలనుకున్నాడు కాబోలు.

"ఇన్నాను," అన్నాడు. "కార్డు దాసీసావంట కదమ్మా."

షహజాది తల దించుకుంది. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాను పౌరుణ్ణయిన కాణ్ణించీ ఒక్క ఓటూ ఎయ్యనేదమ్మా. నువ్వు నమ్మవు. కార్డు ఎనకాల అడ్రసు ఏ పేటో ఓటు ఆ పేటలోనే ఉంతాది. నాను రేవు పక్కన ఉన్నప్పుడు అక్కడ పోటీ నేదు. ఇల్లు మారీసాను, కార్డు మీద అడ్రసు మార్పించాను, ఓటు నాతోపాటు వొచ్చీసింది, అక్కడా పోటీ నేదు. నాను ఎల్లినకాడల్లా ఏకగ్రీవం. నాకంటే నా శని ముందడుగేత్తాదని నవ్వీవోళ్ళు రేవులో."

చెప్పి తనే నవ్వబోయాడు. కుదరలేదు.

"భయమైతలేదా అంకుల్ మీకు?" అని అడిగింది షహజాది.

"భయమే. నీకంటే ఎక్కువ భయం. మరి సట్టం నేదా అంటే, ఉంది. ఓటేసినోడు ఎవులికేసాడో అడక్కూడదు. ఓటెయ్యకుండా ఎవులైనా బెదిరిత్తే నేరం. అంతా సక్కగా రాసుంది. పోటీ సేత్తున్న ఆ కుర్రోళ్ళు నాకు సదివి ఇనిపించారు. కానీ అమ్మా, నన్ను బెదిరించినోళ్ళు ఎవులు? నా పెళ్ళాం. నా కొడుకు. ఆళ్ళ మీద ఏ కోర్టుకెల్లాలి నాను?"

కుమారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

షహజాదికి అక్కడ నిలబడడం చేతకాలేదు. ఇంట్లోకి వచ్చేసింది. ఆయన మాటలు కోపం దించాయి గాని భయం దించలేదు. అయినా చేతులు వాటంతటవే ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టాయి, మూత తీశాయి. తీసి ఇస్తుందో లేదో ఆమెకే తెలియదు. చూద్దామని మాత్రం అనుకుంది. ఇన్ని వేలమంది ఓటు ఒక ముస్లిం ఇల్లాలి బియ్యం డబ్బాలో ఉందంటే తమాషాగానే ఉంటుంది, ఆ ఇల్లాలు మీరు కాకపోతే.

కార్డు చేతికి తగిలింది. పైకి తీసింది. ముందువైపు ఫసి ఫోటో, పెళ్ళికొడుకు నవ్వు. బియ్యపు పొడి అంటుకుంటే కుర్తీకి తుడిచి, వెనక్కి తిప్పింది.

క్లెమెంటి.

మళ్ళీ చదివింది. క్లెమెంటిలో వాళ్ళు ఇదివరకు అద్దెకున్న ఇంటి బ్లాకు నంబరు, ఇంటి నంబరు. ఇప్పుడుంటున్న సెంబవాంగ్ అన్న మాటే లేదు.

స్టూలు మీద కూర్చుంది. గుర్తొచ్చింది. ఇల్లు మారిన వారానికి ఫసి అడ్రసు మార్పించడానికి బయల్దేరితే అడ్డుపడింది తనే. ఎవరో స్నేహితురాలు చెప్పింది, దరఖాస్తు నడుస్తుండగా అడ్రసు మారిస్తే ఫైలు మళ్ళీ మొదటికొస్తుందని. నిజమో అబద్ధమో ఎవరికి తెలుసు? "నక్కో జీ, నా కార్డు వచ్చేదాక మార్చకుండ్రి," అని ఒట్టు వేయించుకుంది. పెళ్ళాం మాట విని అతను ఊరుకున్నాడు. నిన్న సంతకం పెట్టేటప్పుడు అతనికి కార్డు నంబరు నోటికొచ్చు, చూపమని ఎవరూ అడగలేదు. ఆఖరి నిమిషంలో వచ్చిన మనిషిని ఆ హడావిడిలో ఎవరు వెదికి చూస్తారు? ఇల్లు ఇక్కడే ఉంది కాబట్టి ఓటూ ఇక్కడే ఉంటుందనుకున్నాడు, పిచ్చి మహానుభావుడు.

అతని ఓటు క్లెమెంటిలో ఉంది. ఇక్కడి కాగితం మీద అతని సంతకానికి విలువ లేదు. అతను వెళ్ళి నిలబడితే, ఆ సంతకం వల్లే మొత్తం కాగితం చెల్లకుండా పోతుంది.

మొదట ఆమెకి కలిగింది సంతోషం. సిగ్గు లేకుండా చెప్పాలంటే, యా అల్లా, బతికాం అనుకుంది.

"ఏటది?" అంటూ వెనకాలే వచ్చిన కుమారమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. క్షమించమని అడగడానికి వచ్చినట్టుంది పాపం. షహజాది కార్డు చూపించి, వెనక ఉన్నది చదివి వినిపించింది. కుమారమ్మకి చదువు రాదు గాని బుర్ర పాదరసం. క్లెమెంటి అన్న ఒక్క మాట వినగానే అంతా అర్థమైపోయింది.

వెంటనే వంటింటి తలుపు దగ్గరగా వేసి, షహజాది రెండు చేతులూ పట్టుకుంది.

"నోరిప్పకు," అంది. "నీకు దణ్ణమెడతాను. మీ ఆయన ఎల్తాడు, ఆళ్ళు సూత్తారు, నువ్వు పనికిరావని పంపీత్తారు. తిరిగొచ్చీత్తాడు. మీ అంకులు ఇంట్లోనే ఉంతాడు. నీ మొగుడు బాగుంతాడు, నా మొగుడు బాగుంతాడు. ఎవులికీ ఏ సుసా, ఏ కట్టమూ ఉండదు. దేవుడే దారి సూపించాడే!"

నిజంగానే దారి కనబడింది. నోరు మూసుకుంటే చాలు. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. షహజాది అవునన్నట్టు తల ఊపింది కూడా.

ఊపి, చేతిలో ఉన్న కార్డు వైపు చూసుకుంది. ఇంతవరకు తనని ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు. ఏ ఆఫీసరూ తలుపు తట్టలేదు. అడ్రసు మార్చొద్దని ఎవరూ హెచ్చరించలేదు. అన్నీ తనే చేసింది. ఎదురింట్లో కుమారమ్మ చేసింది. ఇంకా ఎన్ని బ్లాకుల్లో ఎన్ని వంటిళ్ళలో ఎందరు చేశారో. రామదాసు ఓటు వేయకుండానే ముసలివాడైపోయింది ఇందుకేనేమో. బయటివాళ్ళ మీద ఉన్న భయం కంటే ఇది పెద్ద భయం.

బయట ఫసి గొంతు వినిపించింది. కొట్టు నుంచి వచ్చేసినట్టున్నాడు, లిఫ్ట్ దగ్గరే నిలబడి పోటీకి దిగినవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "హౌ హౌ, కార్డు లేకున్నా వస్తున్న. మీరు లోపలికి పోకుండ్రి, నేను టాక్సీల వచ్చేస్త." ఆ తర్వాత ఇంటివైపు కేక: "షహజాదీ, నేను పోతున్న!"

లిఫ్ట్ గంట మోగింది.

"ఒద్దే!" అంటూ కుమారమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. షహజాది ఆ చెయ్యి విదిలించుకుని ఉత్తకాళ్ళతో కారిడార్‌లోకి పరుగెత్తింది. మూసుకుంటున్న లిఫ్ట్ తలుపుల మధ్య చెయ్యి పెట్టేసింది.

"ఆగుండ్రి జీ! మీరు పోవద్దు!"

"మళ్ళ మొదలువెట్టినవా? టైం లేదు షహజాదీ..."

"మీ ఓటు ఇక్కడ లేదు! క్లెమెంటిల ఉంది! మీరు పోతే అంతా ఖరాబైతది. అంకుల్ పోవాలె! అంకుల్ సంతకం పెట్టాలె!"

ఏడో అంతస్తు కారిడార్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆమె గొంతు వినబడింది. ఈసారి ఆమె కిటికీల వైపు చూడలేదు. ఫసియుద్దీన్ ఆమె చాచిన కార్డు అందుకుని, వెనక్కి తిప్పి చదివి, నుదురు పట్టుకున్నాడు. ఎక్కడ దొరికిందని కూడా అడగలేదు. "ఇంక టైముంది," అన్నాడు చివరికి. "తలుపులు మూసే లోపల కొత్త సంతకం పెట్టనిస్తరు. అంకుల్ కావాలె, ఇప్పుడే కావాలె. అంకుల్!"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. అదే సమయానికి ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడయింది.

కుమారమ్మ తన ఇంటి గ్రిల్ తలుపు బయట నుంచి వేసేసింది. తాళం కూడా బిగించింది. లోపల, ఊచల వెనక, తెల్లచొక్కాలో రామదాసు నిలబడి ఉన్నాడు. షహజాది అరిచిన ప్రతి మాటా ఆయన విన్నాడు. బయల్దేరబోయే మనిషి ముఖం అది, భయపడుతున్న మనిషి ముఖం కూడా.

"తాళం తియ్యి కుమారీ," అన్నాడు. గొంతు పెంచలేదు. ఊచల సందులోంచి చెయ్యి బయటికి చాచాడు.

కుమారమ్మ ఆ చేతికి అందకుండా వెనక్కి జరిగింది. జరిగి జరిగి కారిడార్ పిట్టగోడకి వీపు ఆనే దాకా వచ్చింది. తాళంచెవి ఉన్న పిడికిలిని గోడ అవతలికి చాచింది. కింద ఏడంతస్తుల ఖాళీ.

"ఆంటీ, ఇటు ఇయ్యుండ్రి," అని షహజాది ఒక్క అడుగు ముందుకి వేసింది.

"రాకు! ఇచ్చీత్తాను," అంది కుమారమ్మ. "నా మొగుడికి, నా ప్రేమ్‌కి ఏటీ అవదని ఒకులు సెప్పండి. ఒట్టేసి సెప్పండి. ఇచ్చీత్తాను."

ఫసియుద్దీన్ నోరు తెరిచాడు. చట్టంలో రాసి ఉందని చెబుదామనుకున్నాడు, కాని ఆమె అడిగింది చట్టం గురించి కాదు. రామదాసు ఊచలు పట్టుకుని తల దించుకున్నాడు. షహజాది కూడా, ఏమీ కాదు ఆంటీ అని అనాలనుకుంది. ఇంతకుముందు తను కూడా ఎవరో ఒకరు ఆ మాట అంటారనే కదా ఆ ఇంటికి వెళ్ళింది.

కుమారమ్మ ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. ఎవరూ ఆ మాట చెప్పరని అర్థమైంది. గోడ అవతల ఆమె పిడికిలి విచ్చుకోవడం మొదలుపెట్టింది.